వెలిగించకపోయినా దీపమే

క్యోటో నగరంలోని దైతోకుజి ఆలయ ప్రాంగణంలో కోతో-ఇన్ అనే చిన్న ఉపాలయం ఉంది. మేపుల్ చెట్ల నీడలో దారి పట్టుకుని వెనక వైపు వెళ్తే ఒక సమాధి కనిపిస్తుంది. సమాధి రాయి ఉండాల్సిన చోట ఒక రాతి లాంతరు నిలబడి ఉంటుంది. దాని కప్పు వెనక భాగంలో ఒక ముక్క లేదు. భూకంపానికి పడి విరిగిందేమో అనిపిస్తుంది గానీ, దాన్ని కావాలనే పగలగొట్టారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. పగలగొట్టినవాడు జపాన్ టీ సంప్రదాయానికి పెద్ద దిక్కయిన సెన్ నో రిక్యూ (1522–1591).

రిక్యూ దగ్గరున్న ఆ లాంతరు మీద ఇద్దరి కన్ను పడిందట. ఒకరు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న తొయొతోమి హిదెయోషి. మరొకరు రిక్యూ శిష్యుడే అయిన యోధుడు హొసొకావా సన్సాయ్. హిదెయోషికి ఇవ్వనంటే తల దక్కదు, ఇద్దామంటే మనసొప్పదు. అందుకని కప్పు అంచు చితక్కొట్టి, పాడైపోయిన వస్తువు ఏలినవారికి తగదని తప్పించుకున్నాడట. ఆ అవిటి లాంతరు తర్వాత సన్సాయ్‌కి చేరింది. చివరికి ఆయన సమాధి మీద గుర్తుగా అదే నిలిచింది. సన్సాయ్, ఆయన భార్య గ్రేసియా ఇద్దరికీ అదే సమాధి రాయి.

కథలో నిజం పాలెంతో పక్కన పెడదాం. వింతేమిటంటే, ఇంత పెనుగులాటలో ఆ లాంతరు ఎలా వెలుగుతుందన్న మాట ఎక్కడా రాదు. అందరికీ కావలసింది ఆ రాయి, దాని పాతదనం, దాని తీరు. దీపం కోసం పుట్టిన వస్తువుకు వెలుగుతో నిమిత్తం లేకుండా ఇంత విలువ ఎలా వచ్చిందన్నదే జపాన్ రాతి లాంతరు కథలో అసలు సంగతి.

జపనీస్‌లో దీన్ని ఇషిదోరో అంటారు. ఇషి అంటే రాయి. తోరో అంటే దీపపు బుట్ట. బౌద్ధంతో పాటు చైనా నుంచి కొరియా మీదుగా జపాన్ చేరింది. కొరియాలోని హ్వఓమ్‌సా ఆలయంలో ఆరు మీటర్లకు మించిన రాతి లాంతరు ఇప్పటికీ ఉంది. జపాన్‌లో నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది నారా ప్రాంతంలోని తైమాదెరా ఆలయంలో ఉంది. 7వ శతాబ్దం చివరి కాలానిది. మెత్తని అగ్నిపర్వత బూడిద రాయితో చెక్కడం వల్ల బాగా అరిగిపోయింది.

ఆ రోజుల్లో లాంతరుకు తోటతో సంబంధమే లేదు. బుద్ధుడి మందిరానికి ఎదురుగా, సరిగ్గా నడిమి గీత మీద ఒక్కటే లాంతరు పెట్టేవారు. అది దేవుడి ముందు పెట్టే దీపం. మనం గుడిలో వెలిగించే దీపం దారి చూపడానికి కానట్టే, దాని వెలుగూ నడిచేవాళ్ల కోసం కాదు. ద్వారానికి రెండు పక్కలా జంటగా నిలబెట్టడం చాలా తర్వాత వచ్చిన అలవాటు. నారాలోని తోదాయిజి మహాబుద్ధ మందిరం ముందు 8వ శతాబ్దపు ఎనిమిది పలకల కంచు లాంతరు ఒకటుంది. ఎత్తు 4.6 మీటర్లు. చుట్టూ జాలీ పలకల మీద వాద్యాలు వాయిస్తున్న బోధిసత్వులు ఉంటారు. అదీ ఒంటరిగానే, నడిమధ్యనే నిలబడి ఉంటుంది. 752లో ఆ మహాబుద్ధుడికి నేత్రోన్మీలనం చేసింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. కాబట్టి ఈ కథలో మనవాళ్ల పేరూ ఒకటి ఉంది.

లాంతరును కింది నుంచి పైకి విడదీసి చూస్తే ఆకారం బోధపడుతుంది. అడుగున కిసో, అంటే పునాది రాయి. దాని పైముఖాన తామర రేకులు వాలి ఉంటాయి. దాని మీద సావో, అంటే గడ. గుండ్రటి స్తంభమైతే నడుమున, రెండు చివర్లా ఉంగరాల్లాంటి కట్లు చెక్కుతారు. ఆపైన చూదాయి, నడిమి పీఠం. దీని అడుగున తామర రేకులు పైకి విప్పారి ఉంటాయి. పీఠం మీద కూర్చునేది హిబుకురో. మాటకు అర్థం నిప్పు సంచి, దీపం ఉండే గది. ఆ గది మీద కసా, అంటే గొడుగు. దాని మూలలు లేత ఫెర్న్ మొక్క చిగురులా పైకి చుట్టుకుని ఉంటాయి. ఆ చుట్టలను వరబితె అంటారు, ఆ ఫెర్న్ పేరు వరబి కనుక. అన్నిటికంటే పైన హోజు, మొగ్గలా మొన తేలిన రత్నం. అది చింతామణి. సంస్కృత పదం చైనా దాటి వెళ్లి అక్కడ రాతి శిఖరమై కూర్చుంది.

ఈ ముక్కలను సున్నంతోనో జిగురుతోనో అతికించరు. ఒకదాని అడుగున బొడిపె, దాని కింది రాతిలో గుంట. బరువే వాటిని పట్టి ఉంచుతుంది. అందుకే ముక్కలుగా విప్పి ఊరు మార్చడం తేలిక. అందుకే భూకంపం వస్తే ముందు కూలేవీ ఇవే. వందల కిలోల రాయి కావడంతో, ఇప్పుడు జనం తిరిగే చోట లోపల ఉక్కు కడ్డీ దించి నిలబెడుతున్నారు.

తోటల గురించిన పుస్తకాల్లో, పర్యాటక కరపత్రాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. లాంతరులోని ముక్కలు పంచభూతాలకు ప్రతీకలట. పునాది పృథివి, నడుమ భాగం జలం, దీపపు గది అగ్ని, గొడుగు వాయువు, శిఖరం ఆకాశం. పంచభూతాలు పుట్టింటి మాట కాబట్టి తెలుగు పాఠకులకు ఇది వెంటనే నచ్చుతుంది. కానీ కాస్త తరచి చూస్తే ఈ లెక్క కుదరదు. పంచభూతాల రాతి రూపం జపాన్‌లో నిజంగానే ఉంది. దాన్ని గొరింతో అంటారు. సమాధుల మీద నిలబెట్టే అయిదంతస్తుల స్మారకం అది. చదరపు దిమ్మె భూమి, గోళం నీరు, వాలు కప్పు నిప్పు, అర్ధగోళం గాలి, రత్నం ఆకాశం. దాంట్లో కప్పు ఆకారం అగ్నికి గుర్తు. లాంతరుకు వచ్చేసరికి అదే కప్పును వాయువు అంటున్నారు. పైగా లాంతరులో ముఖ్యమైన ముక్కలు ఆరు, వాటిని అయిదు చేయాలంటే రెండింటిని కలిపి ఒక్కటిగా లెక్కేయాలి. గొరింతో జపాన్‌లో కనిపించేది 12వ శతాబ్దం నుంచి. అప్పటికి లాంతరు వచ్చి అయిదు వందల ఏళ్లయింది. లాంతరును చూసి పంచభూతాలను తలుచుకోవడంలో తప్పేమీ లేదు. చెక్కిన శిల్పి మాత్రం వాటిని మనసులో పెట్టుకుని చెక్కాడనలేం. ఆ శిల్పి వదిలిన సంకేతాలు అంతకంటే సూటిగా ఉన్నాయి. బురదలోంచి పైకొచ్చే తామర, కోరింది ఇచ్చే మణి, మధ్యలో దీపం. కొన్ని లాంతర్ల మీద సిద్ధం అనే లిపిలో బీజాక్షరాలు చెక్కారు. మన తెలుగు లిపి లాగే అదీ బ్రాహ్మీ సంతతిదే. చూడగానే చైనా అక్షరాల మధ్య వేరే ఇంటి పిల్లలా కనిపిస్తుంది.

ఆకారం వెనక సంకేతం ఎంతుందో రాయి పాత్ర కూడా అంతుంది. మొదట్లో మెత్తటి రాయి వాడటానికి కారణం భక్తి కాదు, పనిముట్లు. గట్టి గ్రానైట్‌ను సన్నగా చెక్కే నేర్పు బాగా అబ్బింది ఒక యుద్ధం తర్వాత. 1180లో తోదాయిజి తగలబడింది. మళ్లీ కట్టడానికి చైనా నుంచి, నింగ్‌బో ప్రాంతం నుంచి, రాతిపనివారిని రప్పించారు. వారిలో ఒకడి పేరును జపనీస్‌లో ఇ నో యుకిసుఎ అని చదువుతారు. అతను తోదాయిజి హొక్కెదో మందిరానికి సమర్పించిన లాంతరు ఇప్పటికీ అక్కడే ఉంది. 1254 అని దాని మీద చెక్కి ఉంది. కప్పు వంపులో, కట్ల మెరుగులో గ్రానైట్ మీద పట్టు చిక్కిన చెయ్యి కనిపిస్తుంది. అతని వంశం వాళ్లు తరాల పాటు జపాన్‌లో రాతిపని చేశారు. కామకురా కాలపు (12–14 శతాబ్దాలు) లాంతర్లే అన్నిటికంటే అందమైనవని పేరు రావడానికి ఈ వలస పనివారి చేతులే చాలావరకు కారణం.

బుద్ధుడి ముందు మొదలైన లాంతరు జపాన్ దేశీయ మతమైన షింతో దేవతల ముంగిటికీ చేరింది. నారాలోని కసుగా తాయిషా మందిరంలో ఇప్పుడు సుమారు మూడు వేల లాంతర్లున్నాయి. రాతివి రెండు వేలు, వసారాల్లో వేలాడే లోహపు లాంతర్లు వెయ్యి. ప్రభువులు, యోధులు, వర్తకులు వందల ఏళ్లుగా మొక్కు తీర్చుకుంటూ పెట్టినవి. అడవి దారికి రెండు పక్కలా నాచు పట్టి, కొన్ని ఒరిగి, భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి. అక్కడి దేవతలకు జింకలు దూతలు కనుక దీపపు గది పలకల మీద జింక బొమ్మ ఉంటుంది. ఒక పక్క గుండ్రటి కిటికీ సూర్యుడు, ఇంకో పక్క నెలవంక కిటికీ చంద్రుడు. చాలా లాంతర్ల మీద కసుగా మందిరం అని, కొద్దివాటి మీద మాత్రం కసుగా దైమ్యోజిన్, అంటే కసుగా మహాదేవత, అని చెక్కి ఉంటుంది. ఒకే రాత్రిలో ఆ రెండో రకం మూడు కనిపెట్టినవాడు కోటీశ్వరుడవుతాడని అక్కడ ఒక నమ్మకం. అన్ని లాంతర్లనూ ఒకేసారి వెలిగించేది ఏడాదిలో రెండు సందర్భాల్లో, ఫిబ్రవరి మొదట్లో రుతువు మారే సెత్సుబున్ పండగ నాడు, మళ్లీ ఆగస్టు 14, 15 తేదీల్లో. మిగతా రోజుల్లో ఆ దారంతా వెలగని దీపాలే.

ఇక 16వ శతాబ్దం రెండో సగంలో లాంతరు గుడి దాటి తోటలోకి అడుగుపెట్టింది. పిలిచింది టీ గురువులు. టీ ఇంటి చుట్టూ ఉండే తోటను రోజి అంటారు. మన మనసులో మెదిలే అస్సాం తేయాకు తోటకూ దీనికీ పోలికే లేదు. రోజి అంటే నాచు, తడి రాళ్లు, పొదలు ఉన్న సన్నని దారి. బయటి ప్రపంచం గోల దులుపుకుని లోపలి చిన్న గదికి చేరుకునే దారి. టీ కూటాలు కొన్ని తెల్లవారకముందే, కొన్ని చలికాలపు రాత్రుల్లో జరిగేవి. అతిథి చీకట్లో అడుగురాళ్లు చూసుకోవాలి, వంగి చేతులు కడుక్కునే సుకుబాయి తొట్టి ఎక్కడుందో తెలియాలి. కొత్త దీపస్తంభాలు చేయించి పెట్టుకోవచ్చు. గురువులు అలా చేయలేదు. పాడుబడిన గుళ్లలో, మూలన పడి ఉన్న పాత లాంతర్లను తెచ్చి పెట్టుకున్నారు. పాత వస్తువును కొత్త చూపుతో ఇంకో పనికి తెచ్చుకోవడాన్ని జపనీస్‌లో మితతె అంటారు. కూలిన గుడి స్తంభం కింది పునాది రాయి తొట్టి అవుతుంది, సమర్పణ దీపం తోట దీపమవుతుంది. గడ ఒక చోటిది, కప్పు ఇంకో చోటిది, పీఠం ఏ స్తూపానిదో తెచ్చి పేర్చినవీ ఉన్నాయి. కలగూరగంపలా ఉండే ఈ లాంతర్లను యోసెదోరో అంటారు. పొంకం తక్కువైనా టీ గురువులకు ఇవంటే మహా ఇష్టం. రిక్యూ కప్పు పగలగొట్టాడన్న కథ పుట్టగలిగింది ఇలాంటి అభిరుచి ఉన్న చోటనే.

ఈ లాంతరు వెలుగు ఎంతని? చిన్న మట్టి ప్రమిదలో ఆవ జాతి గింజల నూనె, రెల్లు జాతి మొక్క బెండుతో చేసిన సన్నటి వత్తి. గాలికి ఆరిపోకుండా కిటికీకి తెల్ల కాగితం అంటించేవారు. కాగితం మీద పరుచుకునే ఆ వెలుగులో అక్షరం చదవలేం, దారి మొత్తం చూడలేం. తొట్టి అంచున తడి మెరుస్తుంది, పక్కన ఒక అడుగురాయి తెలుస్తుంది, అంతే. ఆ కాస్త వెలుగును కూడా తగ్గించడానికి లాంతరు ముందు ఒక చెట్టు నాటేవారు. దాన్ని హిసవరి నో కి అంటారు, దీపానికి అడ్డు చెట్టు. దాని కొమ్మ ఒకటి కిటికీ మీదుగా వాలి ఉండేలా కత్తిరించి పెంచుతారు. గాలికి ఆకులు కదిలినప్పుడల్లా దీపం కనిపించీ కనిపించనట్టు ఊగుతుంది. తోటమాలికి ఇదో నిత్య శ్రమ. కొమ్మ మరీ పెరిగితే దీపం మాయం, మరీ కొట్టేస్తే బట్టబయలు.

చీకట్లో ఇలా ఊగే దీపం మనిషిని భయపెట్టగలదు కూడా. నిక్కోలోని ఫుతారసాన్ మందిరంలో 1292 నాటి కంచు లాంతరు ఒకటుంది. దాని ఒంటి నిండా కత్తి గాట్లే, సుమారు 70. రాత్రి కాపలా ఉన్న యోధులకు ఆ మంట దయ్యంలా కనిపించి కత్తి దూశారట. అందుకే దానికి దయ్యపు లాంతరని పేరు.

టీ తోట కోసం పుట్టిన కొత్త రకాల్లో ఎక్కువ చర్చ జరిగేది ఒరిబె లాంతరు మీద. రిక్యూ శిష్యుడు ఫురుతా ఒరిబె (1544–1615) పేరు మీద పిలుస్తారు. దీనికి పునాది రాయి ఉండదు. గడనే నేరుగా నేలలో పాతుతారు. తొట్టి ఎత్తును బట్టి ఎంత లోతుకైనా దించుకోవచ్చు కనుక టీ తోటకు ఇది చక్కగా అమరింది. గడ పై భాగం రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది, కింది భాగంలో ఒక నిలువెత్తు మనిషి ఆకారం చెక్కి ఉంటుంది. ఆ ఉబ్బు శిలువ అడ్డ కమ్మీలా, ఆ మనిషి మేరీ మాతలా లేదా సాధువులా ఉన్నారని, 1614లో క్రైస్తవాన్ని దేశమంతా నిషేధించాక రహస్యంగా ప్రార్థించుకునేవారు దీన్ని వాడారని 20వ శతాబ్దంలో ఒక వాదం బాగా ప్రచారమైంది. కిరిషితాన్, అంటే క్రైస్తవ, లాంతరు అనే పేరు అలా వచ్చింది. సన్సాయ్ భార్య గ్రేసియా క్రైస్తవురాలే, టీ గురువుల వలయంలో క్రైస్తవ ప్రభువులూ ఉన్నారు. కాబట్టి ఊహకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. అయినా ఆ ఆకారం ఉన్న ప్రతి రాయీ రహస్య శిలువ అనడానికి పరిశోధకులు ఒప్పుకోరు. ఆ బొమ్మను జిజో అనే బోధిసత్వుడిగా చూసినవాళ్లూ ఉన్నారు. నిషేధం సడలిపోయిన కాలంలో కూడా అవే లాంతర్లు తోటల కోసం మూకుమ్మడిగా తయారయ్యాయి. రాయికి మనం అంటగట్టే అర్థం ఎంత తేలిగ్గా చరిత్రగా చెలామణి అవుతుందో చెప్పడానికి పంచభూతాల తర్వాత ఇది రెండో ఉదాహరణ.

ఎదో అని పిలిచే కాలానికి (1603–1868) వచ్చేసరికి తోటలు పెద్దవయ్యాయి. లాంతరు దీపం పని వదిలేసి చూపులకు ఆనవాలు అయింది. పొడవాటి స్తంభం తీసేసి మూడు నాలుగు వంపు కాళ్ల మీద కూర్చోబెట్టిన యుకిమిదోరో, అంటే మంచు చూసే లాంతరు, అలా వచ్చిందే. కప్పు గొడుగులా బాగా వెడల్పుగా, తక్కువ వాలుతో ఉంటుంది, మంచు జారిపోకుండా నిలవడానికి. హిమం కురిసిన ఉదయాన దాని నెత్తిన తెల్లటి టోపీ ఏర్పడుతుంది. చూసేవాళ్లకు అదే పండగ. నీటి గట్టున పొట్టిగా నిలబెడతారు కాబట్టి నీడ నీళ్లలో పడుతుంది. తేలుతున్నట్టు కనిపించేదన్న మాట నుంచే ఆ పేరు మారి వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు.

కనజావాలోని కెన్‌రోకుఎన్ తోటలో కాసుమి చెరువు గట్టున ఉన్న కొతోజి లాంతరు దీనికి దగ్గరి చుట్టం. ఎత్తు 2.67 మీటర్లు, రెండే కాళ్లు. ఒక కాలు పొడవుగా నీళ్లలోకి దిగి ఉంటుంది, రెండోది పొట్టిగా గట్టు రాతి మీద ఆని ఉంటుంది. కోటో వాద్యంలో తీగల కింద నిలబెట్టే రెండు కాళ్ల ముక్కను కొతోజి అంటారు, పోలిక అదే. రెండు కాళ్లూ ఒకప్పుడు సమానమేనని, ఒకటి విరిగాక రాతి మీద ఆనించారని అంటారు. ఆ ఎగుడుదిగుడు నిలకడే ఇప్పుడు ఊరి గుర్తు. రిక్యూ పగలగొట్టిన కప్పులాగే ఇక్కడా విరుపుకే పేరొచ్చింది.

క్యోటోలోని కత్సురా రాచ విడిదిలో ఇంతకంటే సూక్ష్మమైన పని ఉంది. 17వ శతాబ్దంలో తొషిహితో రాకుమారుడు మొదలుపెట్టగా కొడుకు తొషితాదా పూర్తిచేసిన తోట అది. చెరువులోకి గులకరాళ్లతో సన్నటి ఇసుకదిబ్బలాంటిది ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొసన మోకాలెత్తు లాంతరు ఒకటి పెట్టారు. ఆ చిన్న రాయి పక్కన చూడగానే గులకరాళ్లు సముద్రతీరమవుతాయి, చెరువు సముద్రమవుతుంది, లాంతరు ఓడలకు దారి చూపే దీపస్తంభమవుతుంది. ఎదురుగా కనిపించే కట్టు ప్రసిద్ధ తీరమైన అమానొహషిదాతెను తలపించేలా అమర్చినది. అక్కడ లాంతరుతో కొలతనే మార్చేశారు. జపాన్ తోటలో లాంతరు ఇంత తెలివిగా వాడినది ఇంకోటి లేదనే చెప్పాలి.

పేరుపొందిన లాంతరుకు నకళ్లు చేయించడం కూడా అక్కడ చిన్నతనం కాదు. అసలును హొంకా, నకలును ఉత్సుషి అంటారు. హొంకా కవుల మాట. పాత పద్యంలోని పాదాన్ని తీసుకుని కొత్త పద్యం అల్లినప్పుడు ఆ మూలపద్యాన్ని హొంకా అంటారు. కసుగా రకం, తైమాదెరా రకం అని ఇప్పుడు దుకాణాల్లో అమ్మేవన్నీ ఆ లెక్కన పాత పద్యాల మీద కొత్త పద్యాలే. షిమానె ప్రాంతంలో కిమాచి రాతితో చేసే ఇజుమో లాంతర్లకు ఈ విపణిలో వేరే గిరాకీ ఉంది. ఆ ఇసుకరాయి మెత్తన, నీరు పీలుస్తుంది, నాచు తొందరగా పడుతుంది. తైమాదెరా లాంతరును అరగదీసిన మెతకదనమే ఇక్కడ సరుకు గుణమైంది. నిన్న చెక్కిన రాయి నాలుగు వానలు చూశాక తాతల నాటిదానిలా కనిపించాలి కదా మరి.

జపాన్ దాటి వెళ్లిన లాంతర్లలో ఒకటి వాషింగ్టన్ నగరంలో, టైడల్ బేసిన్ గట్టున చెర్రీ చెట్ల మధ్య ఉంది. 1651లో మరణించిన షోగున్ (సైనిక పాలకుడు) తొకుగావా ఇఎమిత్సు స్మృతికి టోక్యోలోని ఉఎనోలో నిలబెట్టినది. సుమారు రెండు టన్నుల బరువు. 1854 నాటి జపాన్–అమెరికా ఒప్పందానికి నూరేళ్లయిన సందర్భంగా 1954లో కానుకగా పంపారు. ఏటా చెర్రీ పూల ఉత్సవాల్లో ఒకసారి దాన్ని వెలిగిస్తారు. మర్నాటి నుంచి ఆ దీపపు గది ఖాళీగా ఉంటుంది. జనం ఆగి ఫొటోలు తీసుకునేది అప్పుడే.